ఎఱిగిన చేయి

మాటాడనేరని బిడ్డ యాకలిని తల్లి యెట్లు గ్రహించును? కన్నులు చూచి గ్రహించును. కాలు విదల్చుట చూచి గ్రహించును. ఆ బిడ్డ బుద్ధివికాసము కొఱవడి, నలువదియేండ్లు వచ్చినను బిడ్డగనే యుండెనేని, తల్లి ముదిమి నొందిన పిమ్మట ఆ యెఱుక యెవరికి సంక్రమించును? "నా తరువాత వీని కెవరు?" అను ప్రశ్న యట్టి తల్లులను రాత్రులందు నిద్రపోనీయదు.

ఈ ప్రశ్నకు బ్రిటనువారు చేసికొనిన యేర్పాటు తెలిసికొనదగినది. పూర్వ మచ్చట నిట్టివారిని వందలకొలదిగా పెద్ద ఆసుపత్రులలో నుంచెడివారు. 1969లో వేల్సునందలి కార్డిఫ్ నగరపు ఈలీ ఆసుపత్రిని గూర్చిన విచారణ నివేదిక వెలువడి, అచ్చటి దుస్థితియు, సిబ్బంది కొఱతయు లోకమునకు తెలియవచ్చెను. 1971లో ప్రభుత్వము ఆ ఆసుపత్రులను తగ్గించి, ఊరిలో నందఱి నడుమ చిన్న గృహముల నేర్పఱుప సంకల్పించెను. అట్టి యింట కొలదిమంది కలసి నివసింతురు. పరిచారకులు వంతులవారీగా వచ్చి స్నానభోజనములకు తోడ్పడుదురు. వేళకు మందు లిత్తురు. అంగడికి తోడ్కొని పోవుదురు. సంకల్పము మంచిదే. గోడలు మాఱినవి గాని పనిచేయు చేతుల కొఱత తీఱలేదు.

వృద్ధులకును, వికలాంగులకును చేయు పరిచర్య యంతయు గలిపి లెక్కింపగా, ఇంగ్లండులో 2021-22లో 1,65,000 కొలువులు ఖాళీగా నుండెను. అనగా నూటికి సుమారు 11. 2024-25 నాటికి ఖాళీలు 1,11,000కు తగ్గినను, నూటికి 7 మిగిలియే యున్నవి. కారణ మేమి? ఈ పనికి జీతము చట్టము విధించిన కనీసవేతనమును మించి యెంతో యుండదు. అంగడిలో సరకులు సర్దువారికిని దాదాపంతయే వచ్చును; వారికి రాత్రి జాగరణ లేదు. వ్యయములో నధికభాగము భరించు స్థానికసంస్థలకు నిధులు చాలవు.

పనివారు తఱచుగ మాఱుటవలన గలుగు కీడు లెక్కలలో కనబడదు. ఒకడు పంటినొప్పి చెప్పలేక తలను గోడకు కొట్టుకొనును. చిరకాలము పరిచర్య చేసిన యామె "ఇది నొప్పి" యని గ్రహించును; నిన్న వచ్చిన యామె "ఇది మొండితన" మని తలంచును. మ్రింగుట కష్టమైనవానికి మెత్తగా చేసిన యన్నమే పెట్టవలెనని తెలియనిచో గొంతు కడ్డుపడి ప్రాణమే పోవచ్చును. ఇరువురు చేయవలసిన పని యొకరిపై పడిన దినమున షికారు మానిపింతురు. వారమంతయు దానికై యెదురుచూచినవాడు కిటికీకడనే కూర్చుండును.

ఈ కొఱత తీర్చుటకై 2022 ఫిబ్రవరిలో బ్రిటను పరదేశపు పరిచారకులకు వీసాద్వారము తెఱచెను. మన భారతదేశమునుండియు వేలకొలది వెళ్లిరి. దళారులకు పెద్దమొత్తము లర్పించి, తీర వెళ్లిన తరువాత చెప్పిన పని లేక మోసపోయినవారును కలరు. 2022 జూలై మొదలు 2024 డిసెంబరు వఱకు 470కి మించిన యజమానుల యనుమతులను ప్రభుత్వము రద్దుచేసెను. 2024 మార్చి తరువాత వచ్చువారు భార్యాభర్తలను, బిడ్డలను వెంట తెచ్చుకొనరాదనిరి. 2025 జూలై 22 నుండి విదేశములనుండి క్రొత్తవారిని చేర్చుకొనుటయే మానిరి. ఇతరుల బిడ్డలను సాకుటకై తన బిడ్డను విడిచిపోవలసిన తల్లి దుఃఖము మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

మనదేశమునను తలిదండ్రుల యనంతర మిట్టివారి సంరక్షణకై 1999లో నేషనల్ ట్రస్టు చట్టము చేయబడినది. సికిందరాబాదులో 1984లో స్థాపింపబడిన జాతీయసంస్థ ఉపాధ్యాయులకు శిక్షణ మిచ్చుచున్నది. అయినను మనయిండ్లలో నీ భారము నేటికిని తల్లులదే, వదినలదే, అక్కలదే. ఇది కూలికి కొఱగాని చాకిరి యని తలంచుట మొదట మనమే మానవలెను.

అట్టి బిడ్డ గల సోదరి తక్షణమే చేయదగిన కార్య మొకటి కలదు. బ్రిటనులో దీనిని ఆసుపత్రి పాసుపోర్టు అందురు. ఒక పుస్తకమున బిడ్డ నొప్పిని తెలుపు తీరు, తినదగినది, తినరానిది, మందులు, భయములు, ఇష్టములు వ్రాసి యుంచవలెను. వ్రాయలేనిచో పిల్లలచే వ్రాయింపవచ్చును. నీవు లేని దినమున క్రొత్తచేయి యెవరిదైనను, నీ యెఱుక కొంతయైనను దానికి అందును.