అయినవారి సొమ్ముతో చిన్న వ్యాపారం: బంధం చెడకుండా అండ పొందడం ఎలా?

1959 మార్చి 15న ముంబయిలోని గిర్‌గావ్ ప్రాంతంలో ఏడుగురు గృహిణులు ఒక పాత భవనం డాబాపై కూర్చుని అప్పడాలు ఒత్తారు. తొలిరోజు తయారైనవి నాలుగు ప్యాకెట్లు. పెట్టుబడి 80 రూపాయలు. ఆ సొమ్మును వారు తమకు తెలిసిన సామాజిక కార్యకర్త ఛగన్‌లాల్ కరమ్‌సీ పారేఖ్ వద్ద అప్పుగా తీసుకున్నారు. తయారైన సరుకును కొన్నది కూడా పరిచయస్తుడైన ఒక వ్యాపారే. నేడు దేశమంతటికీ తెలిసిన లిజ్జత్ పాపడ్ ప్రస్థానం అలా ప్రారంభమైంది. ఆ ఏడుగురిలో ఒకరైన జశ్వంతీబెన్ జమ్నాదాస్ పోపట్‌కు 2021లో పద్మశ్రీ పురస్కారం లభించింది.

ఈ కథలో తరచూ మరుగున పడే విషయం ఒకటుంది. ఆ 80 రూపాయలు అప్పు అన్న సంగతి ఇచ్చినవారికీ, తీసుకున్నవారికీ మొదటి రోజు నుంచే తెలుసు. నష్టం వచ్చినా ఎవరి వద్దా విరాళం అడగరాదని కూడా ఆ మహిళలు తొలినాళ్లలోనే నిర్ణయించుకున్నారు.

చిన్న వ్యాపారం ప్రారంభించే చాలామందికి మొదటి అండ ఇంటివారు, మిత్రులు, పరిచయస్తులే. కానీ ఆ అండ ఏ రూపంలో వస్తోందో స్పష్టంగా మాట్లాడుకోకపోతే వ్యాపారం నిలిచినా బంధుత్వం నిలవకపోవచ్చు.

ఇచ్చింది అప్పా, కానుకా, వాటానా?

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. జిల్లా కేంద్రంలో ఒక మహిళ కర్రీ పాయింట్ ప్రారంభించాలనుకున్నారు. అన్నయ్య రెండు లక్షల రూపాయలు చేతిలో పెట్టి, "ముందు పని మొదలుపెట్టమ్మా, తరువాత చూసుకుందాం" అన్నారు. వీలైనప్పుడు తిరిగి ఇవ్వవచ్చని చెల్లెలు అనుకున్నారు. లాభాల్లో తనకూ భాగం ఉంటుందని అన్నయ్య భావించారు. కూతురు కళాశాలలో చేరే నాటికి ఆ సొమ్ము చేతికి వస్తుందని వదిన లెక్క వేసుకున్నారు. ఈ ముగ్గురిలో ఎవరి ఆలోచనా తప్పు కాదు. చిక్కల్లా "తరువాత చూసుకుందాం" అన్న మాటతోనే.

అప్పు అయితే గడువు, వడ్డీ ఉండాలి. కానుక అయితే తిరిగి అడిగే హక్కు ఉండదు. వాటా అయితే లాభంతో పాటు నష్టమూ పంచుకోవాలి. భాగస్వామ్య సంస్థల చట్టం 1932 ప్రకారం నడిచే సాధారణ సంస్థలో భాగస్వామిగా చేరినవారు, ఆ సంస్థ చేసిన అప్పులకు తమ సొంత ఆస్తితో సహా బాధ్యులవుతారు. కనుక "నాకూ ఒక వాటా ఇవ్వు" అని ప్రేమగా అడిగిన అన్నయ్యకు ఈ సంగతి ముందే చెప్పడం చెల్లెలి బాధ్యత.

కాగితం రాయడం అవమానమా?

"మన మధ్య కాగితాలేమిటి?" అన్న మాట తెలుగు ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. నిజానికి కాగితం అపనమ్మకానికి గుర్తు కాదు. ఇచ్చినవారికి అకస్మాత్తుగా ఏదైనా జరిగితే, వారి భార్యాపిల్లలకు ఆ సొమ్ము వివరం తెలిపేది అదొక్కటే.

ప్రామిసరీ నోటు మన ప్రాంతంలో అందరికీ తెలిసిన పద్ధతి. అయితే దానికి కాలపరిమితి ఉందన్న విషయాన్ని చాలామంది మరచిపోతారు. అడిగిన వెంటనే చెల్లిస్తానని రాసిన నోటుపై దావా వేయడానికి గడువు రాసిన తేదీ నుంచి మూడేళ్లు. ఆ లోపు కొంత సొమ్ము చెల్లించి, నోటు వెనుక తీసుకున్న వ్యక్తి సంతకంతో చెల్లు వేయిస్తే అక్కడి నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది.

వడ్డీని కూడా విడమరచి రాసుకోవాలి. "నూటికి రెండు రూపాయలు" అంటే నెలకు రెండు శాతం, సంవత్సరానికి 24 శాతం. లక్ష రూపాయల అప్పుపై ఏడాదికి 24,000 రూపాయలు. రోజువారీ అమ్మకాలపై బతికే దుకాణానికి ఇది తేలికైన భారం కాదు.

సొమ్మును బ్యాంకు ఖాతా ద్వారానే తీసుకోవడం మేలు. 20,000 రూపాయలు, అంతకు మించిన అప్పును నగదుగా స్వీకరించడాన్ని ఆదాయపు పన్ను చట్టం సాధారణంగా అనుమతించదు. ఉల్లంఘిస్తే తీసుకున్న మొత్తానికి సమానమైన జరిమానా పడే అవకాశం ఉంది.

పన్ను చట్టం దృష్టిలో బంధువు ఎవరు?

తోబుట్టువులు, తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, మేనమామ, బాబాయి వంటి బంధువులు ఇచ్చిన కానుకపై పుచ్చుకున్నవారికి పన్ను లేదు. మిత్రులు ఇచ్చిన కానుకలు ఒక ఆర్థిక సంవత్సరంలో మొత్తం 50,000 రూపాయలు దాటితే, ఆ మొత్తమంతా ఆదాయంగా లెక్కకు వస్తుంది.

ఇక్కడ మన వరుసలకూ, చట్టానికీ తేడా ఉంది. పెదనాన్న కొడుకును మనం అన్నయ్య అనే పిలుస్తాం. కానీ పన్ను చట్టంలోని బంధువుల జాబితాలో ఆయన లేరు. ఆయన ఇచ్చే పెద్ద మొత్తం కానుకా, అప్పా అన్నది రాతపూర్వకంగా ఉండటం అందుకే ముఖ్యం. విదేశాల్లో స్థిరపడిన బంధువుల నుంచి అప్పు తీసుకోవాలంటే విదేశీ మారక ద్రవ్య నిబంధనలు కూడా వర్తిస్తాయి. ముందుగా బ్యాంకులో విచారించడం మంచిది.

ఒక్క సంతకమే కదా!

డబ్బు ఇవ్వలేని మిత్రుడిని చాలామంది హామీ సంతకం అడుగుతారు. భారత ఒప్పందాల చట్టం 1872 ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే, హామీదారు బాధ్యత అప్పు తీసుకున్నవారి బాధ్యతతో సమానం. వాయిదాలు ఆగిపోతే బ్యాంకు నేరుగా హామీదారునే అడగవచ్చు.

అందువల్ల ఒకరిని సంతకం అడిగే ముందు, అది అవసరం లేని మార్గాలను పరిశీలించాలి. 2015 ఏప్రిల్ 8న ప్రారంభమైన ప్రధానమంత్రి ముద్రా యోజన కింద తాకట్టు లేకుండా రుణాలు ఇస్తారు. శిశు విభాగంలో 50,000 రూపాయల వరకు, కిశోర్‌లో 5 లక్షల వరకు, తరుణ్‌లో 10 లక్షల వరకు రుణం పొందవచ్చు. తరుణ్ రుణాన్ని సక్రమంగా తీర్చినవారికి 20 లక్షల వరకు అవకాశం కల్పించారు. మహిళలకు స్వయం సహాయక సంఘాల మార్గం కూడా ఉంది. ఈ సంఘాలను బ్యాంకులతో అనుసంధానించే కార్యక్రమాన్ని నాబార్డ్ 1992లో ప్రారంభించింది. ఇరుగుపొరుగు వారి పరస్పర నమ్మకాన్నే బ్యాంకు పూచీగా స్వీకరించే పద్ధతి ఇది.

లెక్కలోకి రాని సహాయం

అయినవారి అండ డబ్బు రూపంలోనే రానక్కరలేదు. తెల్లవారుజామున కూరగాయలు తరిగే అత్తగారు, సాయంత్రం గల్లాపెట్టె దగ్గర కూర్చునే భర్త, సెలవు రోజుల్లో పార్సిళ్లు కట్టే పిల్లలు కూడా పెట్టుబడి పెడుతున్నట్లే. దేశంలో ఉపాధిని లెక్కించే శ్రామికశక్తి సర్వేలో కుటుంబ వ్యాపారాల్లో జీతం లేకుండా పనిచేసే సహాయకులకు ప్రత్యేక వర్గమే ఉంది. ఇంటి లెక్కల పుస్తకంలో మాత్రం వారికి చోటు దొరకదు. వారికి జీతం ఇవ్వలేకపోయినా ఆ శ్రమ విలువను రాసి చూసుకుంటే, వ్యాపారం నిజంగా లాభంలో ఉందో లేదో తెలుస్తుంది.

సహాయంగా కనిపించే నష్టం అరువు. "అప్పు రేపు" అన్న బోర్డు అపరిచితులను ఆపుతుంది కానీ బంధువులను ఆపలేదు. అయినవారు ధర తగ్గించమని అడగకుండా, అందరిలాగే సొమ్ము చెల్లించి కొనడమే చిన్న వ్యాపారికి వారు చేయగల పెద్ద ఉపకారం.

పరిచయస్తుల పాత్ర వేరు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త మార్క్ గ్రానోవెట్టర్ 1973లో ప్రచురించిన వ్యాసంలో, కొత్త ఉద్యోగాల సమాచారం దగ్గరివారికంటే దూరపు పరిచయాల ద్వారానే ఎక్కువగా అందుతోందని వివరించారు. దగ్గరివారికి తెలిసింది సాధారణంగా మనకూ తెలిసే ఉంటుంది. వ్యాపారానికీ ఈ తర్కం వర్తిస్తుంది. పాత సహోద్యోగి, పిల్లల బడిలో పరిచయమైన తల్లి, గ్యాస్ సిలిండర్ తెచ్చే వ్యక్తి కొత్త వీధులకు మన పేరును చేర్చగలరు. వారిని డబ్బు అడగడం కంటే, నలుగురికి చెప్పమని అడగడం సులువు.

అడిగే ముందు నాలుగు మాటలు

ఎంత కావాలి, దేనికి ఖర్చు చేస్తాను, ఎప్పటికి తిరిగి ఇస్తాను, వ్యాపారం నడవకపోతే ఎలా తీరుస్తాను? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానం రాసుకున్న తరువాతే ఎవరినైనా అడగాలి. ఎదుటివారు కాదనడానికి వీలుండేలా అడగడం కూడా మర్యాదే. ఆ సొమ్ము పోతే వారి ఇల్లు గడవదనిపిస్తే, వారు ఇస్తానన్నా తీసుకోకపోవడమే ఉత్తమం.

తీసుకున్న తరువాత మౌనం తగదు. వాయిదా ఆలస్యమవుతుందని తెలిసిన రోజునే ఆ మాట చెప్పాలి. డబ్బు ఆలస్యమైతే చాలామంది సర్దుకుంటారు. ఫోన్ ఎత్తకపోవడం మాత్రం మనసును గాయపరుస్తుంది.

మన ఉదాహరణలోని చెల్లెలు ఇప్పటికైనా అన్నయ్యనూ, వదిననూ కూర్చోబెట్టి ఆ రెండు లక్షల సంగతి ఒక కాగితంపై రాసుకోవచ్చు. మొహమాటం ఒక్క సాయంత్రంతో పోతుంది. వచ్చే పండుగకు ఆ అన్నాచెల్లెళ్లు ఒకే పంక్తిలో కూర్చుని భోజనం చేయగలరు.