పాత కంప్యూటరు నుండి క్రొత్త కంప్యూటరునకు ఫైళ్ల ప్రయాణము

బాగుగ చేసిన లేతు యంత్రము ముప్పది, నలువది యేండ్లు పనిచేయును. దానిని నడపు కంప్యూటరునకు అంతటి ఆయుర్దాయము లేదు. కొన్ని యేండ్లకే దాని విడి భాగములు అంగళ్లలో దొరకకుండ పోవును. అయినను యంత్రము చక్కగ పనిచేయుచున్నంత కాలము యజమాని దానిని మార్పడు. ఈ కారణముచేతనే 1990 ప్రాంతములో కొన్న కంప్యూటర్లు కొన్ని యంత్రశాలలలో ఇప్పటికిని కనబడుచున్నవి.

అట్టి కంప్యూటరు ఖరీదు నేడు పాత ఇనుము ఖరీదే కావచ్చును. కాని దాని డిస్కులో నున్న ఫైళ్లు అట్టివి కావు. ఏ లోహమును ఎంత వేగముతో కోయవలెను, ఏ మూలకు వచ్చినపుడు నెమ్మదింపవలెను అను అనుభవమును పనివారు ఏండ్ల తరబడి అంకెల రూపమున అందులో వ్రాసి, దిద్దుచు వచ్చిరి. డిస్కు చెడినచో ఆ అనుభవము గూడ పోవును. కావున ఆ ఫైళ్లను క్రొత్త కంప్యూటరులోనికి చేర్చుట అవసరమగును.

ఇది చూచుటకు సులభమైన పని. ఫైలు ఇక్కడ నుండి అక్కడకు పోవలెను, అంతే గదా! కాని ఒక ఫైలులో ‘ఎక్స్ 1.5’ అని యున్నదనుకొందము. టూలు 1.5 మిల్లీమీటర్ల స్థానమునకు పోవలెనని దాని యర్థము. దారిలో ఆ ‘1’ చెడి ‘9’గా మారినచో టూలు 8 మిల్లీమీటర్లు ఎక్కువగా పోవును. లోహపు ముక్క పాడగును, టూలు విరుగును, ప్రక్కన నిలుచున్న మనిషికి దెబ్బ తగులవచ్చును. కాబట్టి ఫైలు చేరినదా అన్నది మాత్రమే కాక, పంపినదే చేరినదా అన్నది గూడ ముఖ్యమైన ప్రశ్న. దీనికి శాస్త్రజ్ఞులు కనిపెట్టిన సమాధానము ఏమో చూతము.

అక్షరములు తీగ వెంట పోవు విధము

అంకెలతో యంత్రమును నడపు పద్ధతిని 1952లో అమెరికాలోని మసాచుసెట్సు సాంకేతిక సంస్థవారు ఒక మిల్లింగు యంత్రముపై ప్రదర్శించిరి. నాడు ఆజ్ఞలు రంధ్రములు పొడిచిన కాగితపు పట్టీపై నుండెడివి. తరువాత పట్టీకి బదులు కంప్యూటరు వచ్చినది. కాని ఆజ్ఞలు మాత్రము అక్షరములు, అంకెలు కలిసిన చిన్న చిన్న పంక్తులుగనే నిలిచినవి.

కంప్యూటరునకు అక్షరము తెలియదు. సున్న, ఒకటి మాత్రమే తెలియును. ఈ సున్నను గాని, ఒకటిని గాని బిట్టు అందురు. 1963లో వెలువడిన ఆస్కీ అను సంకేత పట్టిక 128 గుర్తులకు ఒక్కొక్క సంఖ్య నిచ్చినది. అందు ‘1’ అను అంకె గుర్తుకు 49. ఏడు బిట్లలో వ్రాసిన 0110001. ‘9’ గుర్తుకు 57, అనగా 0111001. రెంటిని ప్రక్క ప్రక్కన వ్రాసి చూచినచో ఒకే ఒక బిట్టు తేడా యని తెలియును. యంత్రశాలలో పెద్ద మోటారు ఒకటి ఆగి కదలినపుడు పుట్టు విద్యుత్ అలజడి, ఆ ఒక్క బిట్టును మార్చుటకు చాలును.

పాత కంప్యూటరు వెనుక తొమ్మిది సూదుల చిన్న ద్వారము గాని, ఇరువదియైదు సూదుల పెద్ద ద్వారము గాని యుండును. ఇది ‘ఆర్.ఎస్. 232’ అను ప్రమాణము ననుసరించి చేయబడినది. ఆ ప్రమాణము 1960లో ఏర్పడినది. దాని ప్రకారము తీగపై 3 నుండి 15 వోల్టుల వరకు ధన విద్యుత్తు ఉన్నచో సున్న. అంతే ఋణ విద్యుత్తు ఉన్నచో ఒకటి. బిట్లు చీమల బారువలె ఒకదాని వెనుక ఒకటి పోవును. ప్రతి అక్షరమునకు ముందు ‘మొదలు’ తెలుపు బిట్టు ఒకటి, చివర ‘ముగింపు’ తెలుపు బిట్టు ఒకటి చేర్తురు. అందుచేత ఎనిమిది బిట్లు పంపుటకు పది బిట్ల కాలము పట్టును.

సాధారణముగ వాడు వేగము సెకండునకు 9,600 బిట్లు; అనగా 960 అక్షరములు. మూడున్నర అంగుళముల ఫ్లాపీలో పట్టు 14,74,560 అక్షరములను ఈ వేగముతో పంపుటకు 1,536 సెకండ్లు, అనగా సుమారు ఇరువదియారు నిమిషములు పట్టును. నేటి వేగముల ముందు ఇది నత్త నడక. కాని యంత్రపు ఆజ్ఞల ఫైళ్లు చిన్నవి గనుక ఈ నడక చాలును.

ముందుగ చేసికొనవలసిన ఒడంబడిక

ఇద్దరు టెలిఫోనులో మాటలాడునపుడు ఒకరి నోటి మాట రెండవ వారి చెవికి చేరవలెను. కంప్యూటర్ల మధ్య గూడ అంతే. తొమ్మిది సూదుల ద్వారములో మూడవ సూది పలుకును, రెండవది వినును, అయిదవది ఇరువురకు ఉమ్మడి. కాబట్టి తీగలో ఒకవైపు రెండవ సూదిని అవతలివైపు మూడవ సూదికి, మూడవదానిని రెండవదానికి అడ్డముగ కలుపవలెను. తిన్నగ కలిపిన తీగ వాడినచో నోటికి నోరు, చెవికి చెవి ఎదురుపడి ఏమియు జరుగదు. క్రొత్త కంప్యూటర్లకు సాధారణముగ ఈ ద్వారముండదు, యు.ఎస్.బి. ద్వారమునకు తగిలించు మార్పిడి తీగ కొనవలసియుండును.

వేగము విషయమున గూడ ఒడంబడిక ఉండవలెను. 9,600 వేగములో ఒక్కొక్క బిట్టు సెకండులో పదిలక్షల వంతులు 104 మాత్రమే తీగపై నిలుచును. వినువాడు దానిలో సగము వేగమునకు అమర్చబడినచో రెండేసి బిట్లకు ఒక్కసారి మాత్రమే చూచును. తెరపై అర్థములేని గుర్తులు కనబడును. ఇక వినువాడు వెనుకబడినపుడు ‘ఆగుము’ అని చెప్పుటకు 19వ సంకేతమును, ‘కానిమ్ము’ అని చెప్పుటకు 17వ సంకేతమును పంపు పద్ధతి కలదు. ఈ యేర్పాట్లు రెండువైపుల ఒకే విధముగ నుండవలెను.

బిట్లను లెక్కించుట

తప్పును పట్టుటకు మిక్కిలి సులభమైన ఉపాయము సరి బేసి లెక్క. ఏడు బిట్లలో ఎన్ని ఒకట్లున్నవో లెక్కించి, మొత్తము సరిసంఖ్య యగునట్లు ఎనిమిదవ బిట్టును చేర్తురు. 0110001లో మూడు ఒకట్లున్నవి. కావున ఇంకొక ఒకటిని చేర్చి నాలుగు చేయుదురు. దారిలో ఒక సున్న ఒకటిగా మారినచో మొత్తము అయిదగును. అయిదు బేసి గనుక వినువాడు తప్పు జరిగినదని గ్రహించును. ‘1’ని ‘9’గా మార్చిన దొంగ ఇట్లు దొరకిపోవును.

కాని రెండు బిట్లు ఒకేసారి మారిన నేమగును? ‘7’ గుర్తు 0110111. ‘1’కి దీనికి రెండు బిట్ల తేడా. ‘1’ మారి ‘7’ అయినచో సరి సరిగనే యుండును. వినువానికి అనుమానమే కలుగదు.

కట్టకు మొత్తము వేయుట

1977లో అమెరికాలోని వార్డ్ క్రిస్టెన్‌సెన్ ఎక్స్‌మోడెము అను పద్ధతిని కల్పించెను. ఇందు ఫైలును 128 బైట్ల కట్టలుగ విడదీయుదురు. ప్రతి కట్టకు వరుససంఖ్య వేసి, అందలి సంఖ్యల నన్నిటిని కూడి, ఆ మొత్తమును 256తో భాగింపగా మిగిలిన శేషమును కట్ట చివర చేర్తురు. వినువాడు తానును కూడి చూచును. సరిపోయినచో 6వ సంకేతమును పంపును. ‘అందినది’ అని దాని యర్థము. సరిపోనిచో 21వ సంకేతము. ‘మరల పంపుము’ అని యర్థము. చెడిన కట్ట ఒక్కటే తిరిగి వచ్చును గాని ఫైలంతయు మొదటి నుండి రానక్కరలేదు. 1981లో కొలంబియా విశ్వవిద్యాలయమున పుట్టిన కెర్మిట్ అను పద్ధతి గూడ ఇదే త్రోవ త్రొక్కినది.

ఎనిమిది బిట్లును ఫైలుకే వాడు నిట్టి చోట సరి బేసి బిట్టునకు తావుండదు, మొత్తమే కాపలాదారు. అతని కన్ను గప్పుట గూడ సాధ్యమే. ఒకచోట ‘1’ చెడి ‘9’ అయినచో మొత్తము 8 పెరుగును. అదే కట్టలో వేరొకచోట ‘8’ చెడి ‘0’ అయినచో మొత్తము 8 తగ్గును. రెండు తప్పులు ఒకదాని నొకటి కప్పిపుచ్చుకొనును.

శేషము చెప్పు సాక్ష్యము

ఈ లోపమును తీర్చునది భాగహారము. విద్యార్థులకు తెలిసిన ఉదాహరణమునే తీసికొందము. 1536 అను సంఖ్య వ్రాయుటలో తారుమారై 1563 అయినదనుకొనుడు. అంకెల మొత్తము రెంటికిని 15. తొమ్మిదితో భాగించినను శేషము రెంటికిని 6, తప్పు పట్టుబడలేదు. ఇప్పుడు పదునొకటితో భాగింపుడు. 1536కు శేషము 7. 1563కు శేషము 1. తప్పు బయటపడినది! అంకె ఏదన్న సంగతియే కాక, ఏ స్థానములో నున్నదన్న సంగతియు శేషములో చేరినది గనుక ఇట్లు జరిగినది.

1961లో వెస్లీ పీటర్సన్, బ్రౌన్ అను శాస్త్రజ్ఞులు ఇట్టి భాగహారమును బిట్లకు అన్వయించి తప్పులు పట్టు విధమును వివరించిరి. కట్టలోని బిట్లన్నిటిని ఒకే పెద్ద సంఖ్యవలె భావించి, ముందు నిర్ణయించుకొన్న భాజకముతో ప్రత్యేకమైన రీతిలో భాగించి, 16 బిట్ల శేషమును కట్టకు చేర్తురు. ఎక్స్‌మోడెములో గూడ తరువాత ఈ శేషమును వాడిరి. 128 బైట్ల కట్టలో ఏ రెండు బిట్లు మారినను ఇది తప్పక పట్టును. వరుసగ పదునారు బిట్ల లోపల కలిగిన చెరుపును తప్పక పట్టును. అంతకు మించి కట్ట చిందరవందర యైనను అది తప్పించుకొను అవకాశము సుమారు 65,536లో ఒకటి మాత్రమే.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో ఆటగా ఆడింపవచ్చును. ఒక విద్యార్థి కొన్ని సంఖ్యలను, వాటి శేషములను చీటిపై వ్రాసి పంపవలెను. నడుమ నున్నవాడు తన యిష్టము వచ్చిన అంకెలను మార్చవలెను. చివరివాడు తొమ్మిదితో కొన్ని, పదునొకటితో కొన్ని పట్టవలెను. ఏ భాజకము మంచి కాపలాదారో విద్యార్థులే తేల్చుకొందురు.

ఇతర మార్గములు, వాటి చిక్కులు

తీగ యొక్కటే మార్గము కాదు. ఫ్లాపీపై వ్రాసి తీసికొనిపోవచ్చును. కాని అయిదుంబావు అంగుళముల ఫ్లాపీలతో ఒక చిక్కు కలదు. పాత డ్రైవు ఒక వైపున 40 వలయములు వ్రాయును. దాని తరువాతి డ్రైవు 80 సన్నని వలయములు వ్రాయును. సన్నని కొనతో వ్రాసిన ఫ్లాపీని పాత డ్రైవు చదువలేక తడబడవచ్చును.

డిస్కునే ఊడదీసి క్రొత్త కంప్యూటరునకు తగిలింపవచ్చును. ఇది వేగమైన మార్గము. కాని ఏండ్లుగ తిరుగుచున్న డిస్కు ఒకసారి ఆగినచో మరల తిరుగకపోవచ్చును. కాబట్టి అది తిరుగుచుండగనే ముఖ్యమైన ఫైళ్లను తీగ ద్వారా తీసికొనుట మేలు. పాత కంప్యూటరులోని చిన్న బ్యాటరీ నీరసించినచో అది తన డిస్కు కొలతలనే మరచును. ఆ కొలతలను ముందే కాగితముపై వ్రాసికొనవలెను.

నెట్‌వర్కు తగిలించు వీలున్నచో ఎఫ్.టి.పి. అను పద్ధతి కలదు. దీని మొదటి వివరణను 1971 ఏప్రిలులో వ్రాసినవాడు కాన్పూరు ఐ.ఐ.టి.లో చదివిన అభయ్ భూషణ్. అయితే పాత కంప్యూటరును ఇంటర్నెట్టునకు కలుపరాదు. 2017 మేలో వనాక్రై అను హానికరమైన ప్రోగ్రాము సవరణలు చేయని కంప్యూటర్లను పట్టి పీడించినపుడు, ఫ్రాన్సులోని రెనో మోటారు సంస్థ కొన్ని కర్మాగారములలో పని నిలుపవలసి వచ్చినది. ఆ రెండు కంప్యూటర్లను మాత్రమే ఒక తీగతో కలిపి, పని ముగిసిన వెంటనే తీయవలెను.

పని ముగిసిన దనుట ఎప్పుడు?

ఏ మార్గమున వచ్చినను తుదిపరీక్ష తప్పదు. మొదట రెండువైపుల ఫైలు పరిమాణము బైటు బైటుకు సరిపోవలెను. పాత డాసు కంప్యూటరు ప్రతి పంక్తి చివర 13, 10 అను రెండు సంకేతములను వ్రాయును. కొన్ని క్రొత్త కంప్యూటర్లు 10 మాత్రమే వ్రాయును. ‘అక్షరముల ఫైలు’ అని పంపినచో దారిలో ఇవి మారవచ్చును గనుక, ఉన్నదున్నట్లు పంపు పద్ధతినే ఎన్నుకొనవలెను. తరువాత చేరిన ఫైలును వేరొక పేరుతో పాత కంప్యూటరునకే తిరిగి పంపి, డాసులోని ‘ఎఫ్.సి.’ అను ఆజ్ఞతో అసలుతో పోల్చి చూడవలెను. ఒక్క తేడాయు కనబడనిచో నకలు నమ్మదగినది. దానిని వేర్వేరు చోట్ల రెండు ప్రతులుగ దాచవలెను. యంత్రముపై మొదటిసారి నడపునపుడు టూలును లోహమునకు దూరముగ నుంచి, గాలిలోనే నడిపి చూడవలెను.

ఇవన్నియు ముగియువరకు పాత డిస్కులోని ఒక్క ఫైలును గూడ చెరుపరాదు. తీగ ఫైలును మోయును గాని దాని నిజమునకు పూచీ పడదు. ఆ పూచీ లెక్కది. లెక్క సరిచూచు మనిషిది.