జీపు మీది అర మీటరు కడ్డీ

మాచవరం నుంచి ఉత్తరానికి వెళ్తే నేల కృష్ణ ఒడ్డుకు దిగుతుంది. పిడుగురాళ్ల, గురజాల మీదుగా పడమరకు సాగితే మాచర్ల దాటాక నల్లమల కొండలు అడ్డం వస్తాయి. ఇలాంటి చోట తిరిగే పోలీసు జీపుకో, వరద రోజుల్లో ఏటి ఊళ్లకు వెళ్లే బండికో ఏ యాంటెన్నా బిగించాలన్నది చిన్న విషయం కాదు. సెల్ టవర్లు మూగబోయిన రాత్రి సెట్లో మాట వినబడుతుందా లేదా అన్నది చాలావరకు దాని చేతిలోనే ఉంది.

1887లో హెర్ట్జ్ రేడియో తరంగాలను పుట్టించి, పట్టి చూపాడు. ఆ తర్వాత మార్కోనీ ఒక తీగను నిలువుగా లేపి, పరికరం రెండో కొనను భూమికి కలిపాడు. మిగతా సగం పని భూమి చేసిపెట్టింది. 1928లో డెట్రాయిట్ పోలీసు కార్లలోకి రేడియో వచ్చింది కానీ, అది వినడానికే. అమెరికాలోనే బేయోన్ పట్టణంలో 1933లో కార్లు తిరిగి మాట్లాడటం మొదలుపెట్టాయి. కారు మీద భూమి పాత్ర పైకప్పు రేకుది. స్తంభాల మీద ఆ రేకుకు బదులు అడ్డకడ్డీలు పెట్టినవాడు ఆర్.సి.ఏ. ఇంజనీరు జార్జ్ బ్రౌన్. రెండు కడ్డీలు చాలని ఆయన లెక్క. కొనేవాళ్లు నమ్మరని అమ్మకాల విభాగం నాలుగు పెట్టించిందట. నేటికీ చాలావాటికి నాలుగే ఉంటాయి.

150 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 2 మీటర్లు. అందులో పావు, అంటే అర మీటరు, జీపు మీది మామూలు కడ్డీ. అయిదు ఎనిమిదో వంతు కడ్డీ అయితే మీటరుంబావు. దానికి 3 డెసిబెల్ గెయిన్ ఎక్కువని, అంటే శక్తి రెట్టింపని, అమ్మేవాళ్లు చెబుతారు. కారు మీద అంత రాదు. వచ్చినా అది కొత్తగా పుట్టిన శక్తి కాదు. జొన్న ముద్ద అదే. అరచేత్తో తట్టేకొద్దీ రొట్టె వెడల్పవుతుంది, మందం తగ్గుతుంది. గెయిన్ పెరిగేకొద్దీ రేడియో శక్తి కూడా ఆకాశాన్నీ పాదాల కింది నేలనూ వదిలి దిగంతం వైపు పరుచుకుంటుంది.

అందుకే చదును నేలలో పొడవు కడ్డీ మేలు చేస్తుంది. మాటను అందుకుని తిరిగి పంపే రిపీటర్ కొండ మీద, బండి కొండ మొదట్లో ఉంటే మాత్రం పైకి కూడా చూసే పావు కడ్డీనే నేను ఎంచుకుంటాను. చెట్ల కొమ్మలకు తగలదు కూడా. దాన్ని పైకప్పు నట్టనడుమ పెట్టాలి. రెగ్జిన్ టాపు జీపులో కింద రేకు లేదు కనుక బానెట్ వైపు వెళ్లక తప్పదు. అప్పుడు మాట అన్ని దిక్కులకూ సమానంగా పోదు.

అసలు చిక్కు రిపీటర్ దగ్గర వస్తుంది. కోటప్పకొండ తిరునాళ్ల వంటి సందర్భాన్ని ఊహించండి. 200 మీటర్ల ఎత్తున యాంటెన్నా ఉంటే, 2 కిలోమీటర్ల దూరంలో నిలబడ్డ కానిస్టేబుల్ దానికి దాదాపు 6 డిగ్రీలు కిందికి ఉంటాడు. 6 డెసిబెల్ యాంటెన్నా పుంజం నిలువుగా సుమారు 16 డిగ్రీలు. అతను అందులోనే ఉంటాడు. 9 డెసిబెల్‌ది 8 డిగ్రీలే, దిగంతానికి పైన 4, కింద 4. ముఖ్యమైన పుంజం జనం తలల మీదుగా దూరపు ఊళ్లకు పోతుంది. కేటలాగులో పెద్ద అంకె కొన్నవాళ్లకు దగ్గరివాళ్లే వినబడరు. దాన్నే వాడాల్సివస్తే పుంజాన్ని కిందికి వంచిన రకం అడిగి తెప్పించుకోవాలి. అంకె డీబీఐలో ఉందో డీబీడీలో ఉందో కూడా చూడాలి. ఒకే యాంటెన్నాకు మొదటిది 2.15 ఎక్కువ చూపిస్తుంది.

అయినా రిపీటర్‌కు వాట్లు పెంచడం కన్నా సరైన గెయిన్ మంచిది. వాట్లు పెంచితే దాని గొంతు మాత్రమే పెరుగుతుంది. చేతిలోని 5 వాట్ల వాకీటాకీ మాట వినాలంటే చెవి కూడా పెరగాలి. యాంటెన్నా రెండూ పెంచుతుంది.

ఇంత చూసి కొన్న గెయిన్ కేబుల్లో పోతుంది. సన్నని ఆర్‌జీ-58 వైరు 30 మీటర్లు దింపితే ఈ పౌనఃపున్యంలో సుమారు 6 డెసిబెల్ పోతుంది, అంటే శక్తిలో ముప్పావు వంతు. 6 డెసిబెల్ యాంటెన్నా కొన్న ఫలం అక్కడితో సరి. కనుక ముందు లావుపాటి కేబుల్ కొనాలి, వానలు పడకముందే దాని జాయింట్లలోకి నీరు దిగకుండా టేపు చుట్టించాలి. యాంటెన్నా బేరం ఆ తర్వాత.