మీకు తెలుసా? స్కాట్లండ్‌ని రాసిపెట్టుకున్న అతిథులు

స్కాట్లండ్‌కి వెళ్లి మోజు పడనివాళ్లు తక్కువ. గళ్ల బట్టలు, కొండలు, విస్కీ, పాటలు అన్నీ మనసు లాగేవే. కొందరి మోజు మాత్రం ఫొటోలతో, సీసాలతో తీరలేదు. కాగితం, కలం పట్టుకుని కూర్చున్నారు. వాళ్ల రాతల పుణ్యాన ఆ దేశానికి ఏం మిగిలిందో చూడండి.

జపాన్ విస్కీ రెండు నోటు పుస్తకాల్లో పుట్టింది

మసతక తకెత్సురు 1894లో హిరోషిమా ప్రాంతంలోని తకెహరాలో పుట్టాడు. వాళ్లది బియ్యంతో సాకే అనే మద్యం తయారుచేసే కుటుంబం. ఆ రోజుల్లో జపాన్‌లో విస్కీ పేరుతో అమ్ముడయ్యేది చాలావరకు స్పిరిట్‌లో రంగు, రుచి కలిపిన సరుకే. అసలు పద్ధతి నేర్చుకుని రమ్మని ఒసాకాలోని సెత్సు షుజో అనే కంపెనీ 1918లో అతన్ని ఓడ ఎక్కించింది. అమెరికా మీదుగా ఆ ఏడాది చివరికి బ్రిటన్ చేరాడు. వయసు 24 ఏళ్లు.

గ్లాస్గోలో చేరి రసాయన శాస్త్రం పాఠాలు విన్నాడు. కానీ అతనికి కావలసిన విద్య బట్టీ దగ్గర ఉంది. ఎల్గిన్ పట్టణం పక్కనున్న లాంగ్‌మార్న్ డిస్టిలరీ 1919లో కొద్ది రోజులు లోపలికి రానిచ్చింది. ఆ తర్వాత బోనెస్ అనే ఊళ్లో ఆగకుండా నడిచే కాఫీ బట్టీని చూశాడు. దాన్ని తయారుచేసిన ఐర్లండ్ మనిషి ఇంటిపేరు కాఫీ, అందుకే ఆ పేరు. 1920లో క్యాంబెల్‌టౌన్‌లోని హేజెల్‌బర్న్ డిస్టిలరీలో కొన్ని నెలల పాటు పనిచేసే అవకాశం దొరికింది. అసలు చదువు అక్కడే సాగింది.

రాగి బట్టీ లోపలికి దిగి తోమి కడగడం పనివాళ్లకు ఇష్టంలేని పని. అది నేను చేస్తానని అతను అడిగి తీసుకున్నాడని చెప్పుకుంటారు. బయట నిలబడి చూసేవాడికి బట్టీ అంటే నున్నగా మెరిసే ఒక రాగి బుర్ర, పైన సన్నబడుతూ పోయే మెడ, అంతే. లోపలికి దిగినవాడికి దాని కొలతలు, మెడ వంపు, ఆవిరి చల్లబడి ఎటు జారుతుందో చేతికే తెలుస్తాయి. రాగి ఉత్త పాత్ర కాదు. ఆవిరిలో ఉండే గంధకపు వాసనలను అది పట్టేసుకుంటుంది. మెడ పొడవైతే బరువైన ఆవిరి మళ్లీ కిందికి జారిపోతుంది, సరుకు తేలికగా వస్తుంది. ఈ సంగతులన్నీ బొమ్మలతో సహా అతను రాసుకున్నాడు. బార్లీని ఎలా నానబెట్టి మొలకెత్తిస్తారో, పీట్ మట్టి ముక్కలు కాల్చిన పొగ మీద ఎలా ఆరబెడతారో రాసుకున్నాడు. పనివాళ్ల వేళలు, జీతాలు కూడా వదల్లేదు.

నన్ను కదిలించిన విషయం ఆ తర్వాతిది. హేజెల్‌బర్న్ 1925లో మూతపడింది. ఒకప్పుడు డిస్టిలరీలతో కిటకిటలాడిన క్యాంబెల్‌టౌన్‌లో చివరికి రెండే మిగిలాయి. హేజెల్‌బర్న్‌లో పని ఎలా జరిగేదో తెలుసుకోవాలంటే ఇవాళ స్కాట్లండ్ వాళ్లు కూడా ఆ జపాన్ కుర్రాడి నోటు పుస్తకాలు తిరగేయాల్సిందే. నేర్చుకోవడానికి వచ్చినవాడు రాసుకున్నది నేర్పినవాళ్ల చరిత్రగా మిగిలింది.

విస్కీ కంపెనీ ముందు ఆపిల్ రసం అమ్మింది

గ్లాస్గోలో ఉండగా అతనికి రీటా కోవన్ పరిచయమైంది. ఆమెది కర్కిన్‌టిలాక్ అనే ఊరు. ఇరుపక్కల పెద్దలకూ నచ్చకపోయినా 1920 జనవరి 8న రిజిస్ట్రార్ ఎదుట పెళ్లి చేసుకున్నారు. అదే ఏడాది ఇద్దరూ జపాన్ వెళ్లారు. పంపిన కంపెనీ దగ్గర మాత్రం విస్కీ బట్టీ పెట్టే డబ్బు లేకపోయింది. 1923లో షింజిరో తొరీ అనే వ్యాపారి పిలిస్తే వెళ్లి యమజకి డిస్టిలరీ కట్టించాడు. జపాన్‌లో మాల్ట్ విస్కీకి మొదటి డిస్టిలరీ అదే. ఆ తొరీ కంపెనీనే ఇవాళ్టి సంటోరీ. తర్వాత దారులు వేరయ్యాయి. 1934లో ఉత్తరాన హొక్కైడో దీవిలోని యొయిచిలో సొంతంగా మొదలుపెట్టాడు. చలి, సముద్రపు గాలి, మంచి నీళ్లు, దగ్గర్లో పీట్ నేలలు, అన్నీ స్కాట్లండ్‌ని గుర్తుచేసే చోటు అది.

అయితే ఇవాళ తీసిన సరుకు రేపు అమ్మేది కాదు. బ్రిటన్ చట్టం ప్రకారం స్కాట్లండ్‌లో తీసిన సరుకు ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్లు నిలవుంటేగాని దాన్ని విస్కీ అనకూడదు. తకెత్సురు ఆ క్రమశిక్షణనే పాటించాడు. మరి అన్నాళ్లూ జీతాలు ఎలా ఇవ్వాలి? యొయిచి చుట్టుపక్కల ఆపిల్ తోటలున్నాయి. ఆ పళ్ల రసం తీసి అమ్మారు. కంపెనీ పేరే పళ్లరసాల కంపెనీ. మొదటి విస్కీ 1940లో బయటికొచ్చింది. 1952లో కంపెనీ పేరు నిక్కా అయింది. యొయిచిలో ఇప్పటికీ బట్టీల కింద బొగ్గు మంటే. పనివాడు కొద్ది నిమిషాలకోసారి పారతో బొగ్గు ఎగదోస్తూ ఉండాలి. స్కాట్లండ్‌లో ఈ పద్ధతి కనుమరుగైపోయింది.

రీటా ఇంగ్లిష్, పియానో నేర్పి ఇల్లు నడపడానికి ఆసరా అయింది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో శత్రుదేశపు మనిషిగా అనుమానపు చూపులు భరించి కూడా అక్కడే నిలబడింది. 1961లో యొయిచిలోనే కన్నుమూసింది. ఆ ఊళ్లో ఒక వీధికి ఆమె పేరు పెట్టుకున్నారు. ఆ గౌరవం ఆమెకు అన్నివిధాలా తగినది.

పాటల కోసం ఆరేళ్లు పూరింట్లో ఉన్న అమెరికా అమ్మాయి

మార్గరెట్ ఫే షా పెన్సిల్వేనియాలో 1903లో పుట్టింది. ఉక్కు వ్యాపారం చేసే కుటుంబం. చిన్నతనంలోనే తల్లీ తండ్రీ పోయారు. స్కాట్లండ్‌లోని హెలెన్స్‌బర్గ్ బడిలో చదువుతున్నప్పుడు మార్జరీ కెనెడీ ఫ్రేజర్ అనే గాయని హెబ్రిడీస్ దీవుల గేలిక్ పాటలు పాడగా వింది. పియానో సొగసులద్దిన పాటలవి. వాటి అసలు రూపం ఎలా ఉంటుందో వినాలనే పట్టుదల అక్కడ మొదలైంది.

1929లో ఆమె ఆ దీవుల్లో ఒకటైన సౌత్ యూయిస్ట్‌కి చేరింది. పేగీ, మారీ మక్‌రే అనే అక్కచెల్లెళ్ల పూరింట్లో ఆరేళ్లు ఉంది. భాష రాదు. వాళ్లతో పాటు పొలం పనికి, పశువుల దగ్గరికి, పీట్ తవ్వే చోటికి వెళ్లి నేర్చుకుంది. వాళ్లు పాడుతుంటే స్వరాలూ మాటలూ రాసుకుంది. సామెతలు, ప్రార్థనలు, చిట్కా వైద్యాలు, ఉన్నికి రంగులద్దే పద్ధతులు, వినబడినవన్నీ పుస్తకంలోకి ఎక్కాయి. ఫొటోలు, సినిమా రీళ్లు కూడా తీసింది.

ఆమె రాసుకున్నవాటిలో నాకు బాగా ఇష్టమైనవి ఉన్ని గుడ్డ కొట్టే పాటలు. నేసిన ఉన్ని గుడ్డ వదులుగా ఉంటుంది. చలికాలానికి పనికిరావాలంటే పోగులు బిగుసుకోవాలి. నిలవుంచిన మూత్రంలో నానబెట్టిన ఆ గుడ్డని పొడవాటి బల్ల మీద పరిచి, అటూ ఇటూ కూర్చున్న ఆడవాళ్లు లయగా బల్లకేసి కొడుతూ పక్కవాళ్లకు అందిస్తూ పోతారు. గుడ్డ సూర్యుడు తిరిగే దిక్కుగానే తిరగాలి. ఒకామె చరణం ఎత్తుకుంటే మిగతావాళ్లు పల్లవి అందుకుంటారు. మన దంపుళ్ల పాట నడిచే తీరే ఇది. గుడ్డ తయారయ్యేలోగా పాడిన పాట మళ్లీ పాడితే కీడని వాళ్ల నమ్మకం. అందుకని పాడే మనిషి దగ్గర పాటల నిల్వ దండిగా ఉండాల్సిందే.

1935లో ఆమె గేలిక్ పండితుడు జాన్ లోర్న్ క్యాంబెల్‌ని పెళ్లాడింది. 1938లో ఆయన కానా అనే చిన్న దీవిని కొన్నాడు. ఇద్దరూ కలిసి పాటలూ కథలూ పోగుచేసి, 1981లో ఆ దీవిని స్కాట్లండ్ నేషనల్ ట్రస్ట్‌కి ఇచ్చేశారు. సౌత్ యూయిస్ట్ పాటల మీద ఆమె పుస్తకం 1955లో వచ్చింది. 2004లో 101 ఏళ్ల వయసులో పోయింది. క్యాంబెల్ రికార్డు చేసిన పాటలు ఇప్పుడు టోబర్ అన్ డువల్‌ఖస్ అనే సేకరణలో ఇంటర్నెట్‌లో ఉచితంగా వినొచ్చు. తప్పక వినండి. భాష తెలియకపోయినా లయ తెలుస్తుంది.

టేపు రికార్డరుతో వచ్చిన ఇంకో అమెరికన్

1951లో జానపద పాటల సేకర్త అలన్ లోమాక్స్ స్కాట్లండ్ వచ్చాడు. కవి హేమిష్ హెండర్సన్ దారి చూపాడు. ఎడిన్‌బరా విశ్వవిద్యాలయంలో స్కాటిష్ అధ్యయనాల విభాగం అదే ఏడాది మొదలైంది. లోమాక్స్ టేపుల నకళ్లు దాని భాండాగారానికి తొలి పునాదుల్లో ఒకటయ్యాయి.

గేలిక్‌కి 18 అక్షరాలే

మన 56 అక్షరాల పక్కన అది చాలా చిన్న వర్ణమాల. వాక్యంలో క్రియ మొదట వస్తుంది. మనం 'నేను పిల్లిని చూశాను' అంటే వాళ్లది 'చూశాను నేను పిల్లిని' అనే వరస. 2022 జనగణనలో ఈ భాష ఎంతోకొంత వచ్చని చెప్పినవాళ్లు సుమారు 1,30,000 మంది. అంత చిన్న భాషకు స్కై దీవిలో 1973 నుంచి సొంత కళాశాల ఉంది. పరాయి దేశాల నుంచి వచ్చి చదువుకునేవాళ్లున్నారు.

గుహ చూడకముందే పుట్టిన సంగీతం

జర్మన్ స్వరకర్త మెండెల్సన్ 20 ఏళ్ల వయసులో 1829లో స్కాట్లండ్ తిరిగాడు. స్టాఫా దీవిలో రాతి స్తంభాలతో నిండిన ఫింగల్ గుహ చూసి 'హెబ్రిడీస్' సంగీతం రాశాడని అందరూ చెబుతారు. నిజానికి ఆ రచన మొదటి స్వరాలను ఆగస్టు 7న ఇంటికి రాసిన ఉత్తరంలోనే పెట్టాడు. గుహకు వెళ్లింది మర్నాడు. దీవుల సముద్రమే అతనికి ఆ స్వరాలిచ్చిందన్నమాట. గుహ ప్రయాణంలో పాపం ఓడ కుదుపులకు నానా అవస్థ పడ్డాడు.

ఫ్రెంచి రచయిత జూల్ వెర్న్ కూడా స్టాఫాకు దాసుడే. 1859లో మొదటిసారి స్కాట్లండ్ వచ్చాడు. 1882లో వచ్చిన అతని నవల 'ఆకుపచ్చ కిరణం' ఈ దీవుల్లోనే నడుస్తుంది. మన కాలానికొస్తే జపాన్ నవలాకారుడు హరుకి మురకామి ఐలా దీవికి వెళ్లి, పచ్చి ఆయిస్టర్ల మీద అక్కడి విస్కీ చిలకరించుకు తిన్న అనుభవంతో 1999లో చిన్న పుస్తకం రాశాడు. ఫొటోలు అతని భార్య యోకోవి.

బర్న్స్ బిళ్ల ముందు వేసింది రష్యా

స్కాట్లండ్ జాతీయ కవి రాబర్ట్ బర్న్స్ పేరున సోవియట్ రష్యా 1956లోనే తపాలా బిళ్ల తెచ్చింది. బ్రిటన్ తెచ్చింది 1966లో. సమూయిల్ మర్షాక్ అనువాదాలు చదివి రష్యన్లు బర్న్స్‌ని తమవాడిగా చేసుకున్నారు.

స్కాట్లండ్ దీవి మనిషి మన ఊళ్లను రాయించాడు

సౌత్ యూయిస్ట్ వరుసలోనే ఉత్తరాన లూయిస్ దీవి ఉంది. దాని ముఖ్య పట్టణం స్టోర్నవేలో పుట్టినవాడే కాలిన్ మెకంజీ. మనకు కైఫియత్తుల మెకంజీగా తెలుసు. 1783లో మద్రాసు సైన్యంలో చేరాడు, 1815లో భారతదేశానికి సర్వేయర్ జనరల్ అయ్యాడు. తెలుగు చదవడం ఆయనకు రాదు. ఆయన దగ్గర పనిచేసిన కావలి వెంకట బొర్రయ్య, బొర్రయ్య పోయాక అతని తమ్ముడు లక్ష్మయ్య ఊళ్ల చరిత్రలు పోగుచేసే పని నడిపించారు. ఊరూరా కరణాల దగ్గర, గుడి పూజారుల దగ్గర కూర్చుని చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎవరిచ్చారు, ఊరికి ఆ పేరెలా వచ్చింది అని అడిగి రాయించారు. ఆ ఊరి వివరాలే కైఫియత్తులు. 1821లో మెకంజీ పోయేనాటికి పోగైన రాతప్రతులూ శాసనాల నకళ్లూ ఇప్పుడు చెన్నైలోని ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో, లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. కడప జిల్లా కైఫియత్తులను కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా అచ్చువేసింది. మీది ఆ జిల్లా అయితే వాటిలో మీ ఊరి పేరు వెతకండి.