హైపో నీటిలోని వెండి

ఫోటో ఫిల్ముపై నుండు పూతలో వెండి లవణములు కలవు. వెలుగు సోకిన లవణము డెవలపరులో నల్లని వెండిగా మారి బొమ్మ కట్టును. వెలుగు సోకనిది మిగిలిపోవును. దానిని తొలగింపనిచో బొమ్మ క్రమముగా నల్లబడును. ఆ లవణమును హైపో కరగించునని 1819లో జాన్ హెర్షెల్ కనుగొనెను. 1839లో అది ఫోటోగ్రఫీకి ఉపకరించెను.

కనుక వాడిన హైపో నీటిలో వెండి దాగియున్నది. అందు ఇనుపపీచు నుంచినచో ఇనుము కరగి, వెండి మడ్డిగా దిగును. విద్యుత్తును ప్రవహింపజేసినచో వెండి ఋణధ్రువపు రేకుపై పేరుకొనును. ఇది మరింత స్వచ్ఛమైనది.

డిజిటల్ కెమేరాలు వచ్చిన పిదప ఈ నీరు తగ్గినది. ఐనను ఫిల్ము కడుగు స్టూడియోలలో, ఎక్స్‌రే గదులలో నేటికిని మిగులుచున్నది. దానిని కాలువలో పారబోసినచో వెండి నష్టమగుటయే గాక, నీటిలోని చేపలకును సూక్ష్మజీవులకును హాని కలుగవచ్చును.

అయితే ఇది ఇంట చేయదగిన పని కాదు. హైపోలో ఆమ్లము ఎక్కువైనచో ఊపిరి సలుపనీయని గంధకపు వాయువు వెలువడును. మనము చేయదగినది వేరొకటి కలదు. పాత ఎక్స్‌రే ఫిల్ముల నల్లదనము వెండియే. అక్కర తీరిన ఫిల్ములను తగులబెట్టక, వెండి తీయువారికి అందజేయుదము.