పాత ట్రాక్టరుకు జ్వరమెందుకు వస్తుంది?



మన పల్లెలలో పాత ట్రాక్టర్లకు ఇంకా పని తీరలేదు. 1960ల నాటి ఇంటర్నేషనల్ బి-275 వంటి బండ్లు ఇప్పటికీ అక్కడక్కడ నూర్పిడి కళ్లాలలో, నీళ్ల ట్యాంకర్ల ముందు కనబడుతూనే ఉన్నవి. అయితే వీటిలో కంపెనీ నుంచి వచ్చినది వచ్చినట్లు మిగిలినవి తక్కువ. ఒకదానికి వేరే బండి రేడియేటరు ఉంటుంది, ఇంకొకదానికి వేరే ఫాను. మరొకదానికి బలం చాలడం లేదని డీజిలు పంపు పెంచి ఉంటారు. ఇట్టి మార్పులు జరిగిన ఇంజను పని మధ్యలో వేడెక్కితే లోపమెక్కడ వెతకవలెనో ఈనాడు చెప్పుకుందాము.

ముందుగా వేడి సంగతి. డీజిలు మండినప్పుడు పుట్టే వేడిలో సుమారు మూడవ వంతు మాత్రమే పనిగా మారుతుంది. మరొక మూడవ వంతు పొగతో పాటు బయటికి పోతుంది. మిగిలినదానిలో ఎక్కువ భాగం ఇంజను చుట్టూ తిరిగే నీటిలోకి చేరుతుంది. గంటకు 4 లీటర్ల డీజిలు కాల్చే ఇంజను నీటికిచ్చే వేడితో వంద లీటర్ల చన్నీళ్లను మరిగించవచ్చు. ఇంత వేడినీ గంట గంటకూ గాలిలోకి పారబోసే పని రేడియేటరుది. దానికి గాలి తగ్గినా, నీరు తగ్గినా, మోయలేనంత వేడి వచ్చి పడినా ముల్లు ఎర్ర గీత దాటుతుంది. వెతకవలసినవి ఈ మూడే.

వేడెక్కగానే సామాన్లు మార్చడం మొదలు పెట్టకండి. “ఏ పనిలో, ఎంత సేపటికి వేడెక్కుతున్నది?” అని మొదట అడగండి. సగం జబ్బు ఆ జవాబులోనే తెలిసిపోతుంది.

మొదటిది: రోడ్డు మీద ట్రాలీతో బాగానే పోతుంది గాని, నిలబెట్టి నూర్పిడి యంత్రం నడిపితే వేడెక్కుతుంది. ఇది గాలి లోపము. బండి కదలనప్పుడు గాలి లాగే భారమంతా ఫాను మీదనే పడుతుంది. అందునా కళ్లంలో పొట్టు, నుసి లేచి రేడియేటరు రెక్కల సందులను కప్పేస్తాయి. ఇంజను ఆపి, చల్లారిన తరువాత ఫాను వైపు నుంచి ముందుకు గాలి కొట్టి దులపండి. ముందు నుంచి కొడితే పొట్టు మరింత లోపలికి దిగుతుంది. బెల్టు రెండు కప్పీల నడుమ బొటనవేలితో నొక్కితే అర అంగుళం వరకు దిగాలి. అంతకు మించి దిగితే జారుతున్నదన్నమాట.

వేరే రేడియేటరు బిగించిన బండ్లలో ఇంకొక చిక్కు ఉన్నది. ఒక బండికి ఇట్లాగే లారీ రేడియేటరు పెట్టించారు. పాతదానికంటె పెద్దది గదా, ఇక వేడెక్కదనుకున్నారు. రోడ్డు మీద బాగానే ఉన్నది. కళ్లంలో అరగంటకే మరిగింది. వాటరు పంపు మార్చారు, గొట్టాలు మార్చారు, లాభం లేదు. తీరా చూస్తే ఫాను చుట్టూ ఉండవలసిన రేకు తొడుగు కొత్త రేడియేటరుకు అమరలేదని తీసి పక్కన పడవేశారు. తొడుగు లేని ఫాను రేడియేటరు గుండా గాలి లాగదు. తన చుట్టూ ఉన్న వేడి గాలినే తిప్పుతూ కూర్చుంటుంది. రెక్కల చివరకూ రేకుకూ సుమారు అంగుళం సందు ఉండేటట్లు కొత్త తొడుగు చేయించిన తరువాత ఆ బండి కుదుటపడింది.

గాలి చాలుతున్నదా లేదా తెలుసుకోవడానికి తేలిక పరీక్ష ఒకటి. ఇంజను నడుస్తుండగా రేడియేటరు ముందు భాగాన, అనగా ఫానుకు ఎదుటి వైపున, ఒక కాగితం ఆనించండి. అది అతుక్కొని నిలవాలి. జారి పడితే ఫాను తిరగేసి బిగించారేమో, ముందు అలంకారానికి పెట్టిన రేకులు గాలికి అడ్డమేమో చూడవలె.

రెండవది: తేలిక పనిలో బాగుంటుంది గాని, దమ్ములోనో, రోటావేటరుతోనో గంటసేపు లాగితే వేడెక్కుతుంది. రేడియేటరు గొట్టాలలో సున్నం పేరుకొని ఉండవచ్చు. ఇంజను ఆపి కొంచెం చల్లారాక రేడియేటరును అక్కడక్కడ చేతితో తాకి చూడండి. ఒక చోట వేడిగా, పక్కనే చల్లగా ఉంటే ఆ చల్లని చోట నీరు ఆడడం లేదు. కింది రబ్బరు గొట్టాన్ని కూడా చూడండి. పాతబడి మెత్తనైన గొట్టం ఇంజను వేగం పెంచగానే పంపు లాగుడుకు చప్పబడి నీటిని ఆపుతుంది.

డీజిలు పంపు పెంచిన బండికి నల్లపొగ వస్తూ, వేడి కూడా ఎక్కువైతే రేడియేటరును తిట్టి లాభం లేదు. తిన్నది అరగని మనిషికి ఇంకా వడ్డించినట్లే అది. పంపును కంపెనీ లెక్కకు తగ్గించి పెట్టించండి. పోయే బలం కొద్ది, మిగిలే డీజిలు, ఇంజను ఆయుష్షు ఎక్కువ.

మూడవది: స్టార్టు చేసిన పది నిమిషాలకే మరిగిపోతుంది. నీరు తక్కువైనదా, బెల్టు తెగినదా అన్నది మొదట చూడండి. ఆ రెండూ బాగుంటే థర్మోస్టాటు మూసుకుపోయి ఉండవచ్చు. దానిని విప్పి, గిన్నెలో నీళ్లు పోసి అందులో వేలాడదీసి కాచండి. దాని మీద వేసి ఉన్న డిగ్రీల దగ్గర తెరుచుకోవడం మొదలు కావాలి. తెరవకపోతే కొత్తది వేయండి. తీసేసి ఊరకే వదలవద్దు. కొన్ని ఇంజన్లలో థర్మోస్టాటు తీసేస్తే వేడినీరు రేడియేటరుకు పోకుండా అడ్డదారిన మళ్లీ ఇంజనులోకే తిరిగి వస్తుంది. కొన్నిటిలో ఇంజను చాలినంత వేడెక్కక డీజిలు సరిగా మండదు, సిలిండర్లు త్వరగా అరుగుతాయి.

థర్మోస్టాటు కూడా బాగుంటే హెడ్ గాస్కెట్టును అనుమానించండి. ఇంజను పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు మూత తీసి స్టార్టు చేయండి. నీటిలో బుడగలు ఆగకుండా వస్తుంటే, ఆయిలు పుల్లకు మజ్జిగ రంగు నురుగు అంటితే, బయట ఎక్కడా కారకుండానే నీరు తగ్గిపోతుంటే ఇక బండి నడపక మెకానిక్కును పిలవండి.

మూత సంగతి కూడా తేలికగా తీసుకోవద్దు. మామూలుగా నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరుగుతుంది. మూతలోని స్ప్రింగు చదరపు అంగుళానికి 7 పౌనుల ఒత్తిడి నిలిపితే సుమారు 111 డిగ్రీల దాకా మరగదు. అట్టి మూత పోయిందని మామూలు మూత పెట్టినా, గుడ్డ కుక్కినా ఆ లాభం పోయినట్లే.

నీటి విషయానికి వస్తే, ఉప్పు, సున్నం ఉన్న బోరునీళ్లు పోయకండి. శుద్ధి చేసిన నీటిలో కంపెనీ చెప్పిన పాళ్లలో కూలెంటు కలిపి పోయండి. పాత ఇత్తడి రేడియేటరును చాకలి సోడా నీళ్లతో కడగవచ్చు. అల్యూమినియం రేడియేటరుకు మాత్రం సోడా తగలనివ్వరాదు, అది లోహాన్ని తినివేస్తుంది.

రేడియేటరే లేని బండ్లూ ఉన్నవి. 1959లో ఫరీదాబాదులో తయారీ మొదలైన ఐషర్ ట్రాక్టర్లలో పాతవి గాలితో చల్లబడే రకము. వాటికి సిలిండరు చుట్టూ ఉన్న రెక్కల మధ్య మట్టి, ఆయిలు జిడ్డు చేరకుండా చూస్తే చాలావరకు చాలు.

ఇక పని మధ్యలో ముల్లు ఎర్ర గీతకు చేరితే ఏమి చేయవలె? వెంటనే లోడు తీసివేసి, రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా నడవనిచ్చి, అప్పుడు ఆపండి. బెల్టు తెగినా, నీరంతా కారిపోయినా మాత్రం ఆ క్షణమే ఆపివేయాలి. తరువాత కనీసం అరగంట మూత జోలికి పోవద్దు. వేడి మీద మూత తిప్పితే మరిగే నీరు ముఖాన చిమ్ముతుంది. కళ్లు పోయే ప్రమాదము. చల్లారిన తరువాత కూడా మందపు తడి గోనె వేసి, మొదటి మెట్టు వరకే తిప్పి, ఆవిరి పోయాక తీయండి. కాగిన ఇంజనులో చన్నీళ్లు పోస్తే హెడ్డు పగులుతుంది. ఎవరికైనా కాలితే, కాలిన చోట 20 నిమిషాలు పారే చల్లని నీటిని పోసి, ఆస్పత్రికి తీసుకుపోండి. పేస్టు, ఇంకు, నూనె పూయవద్దు.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. నూర్పిళ్లకు ముందే ఊరిలోని పాత బండ్లను ఒకచోట చేర్చి, బెల్టు, మూత, గొట్టాలు, ఫాను తొడుగు ఈ నాలుగూ చూపించండి. మబ్బు పట్టిన రోజున కుప్ప కళ్లంలో ఉండగా బండి నిలిచిపోతే తడిసిన ధాన్యాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేరు. అనుభవం గల డ్రైవర్లను కూడా పిలిచి మాట్లాడించండి. వారికి తెలిసినది మనకూ పనికి వస్తుంది.

రోజూ ఉదయం స్టార్టు చేయకముందు నీరు, ఆయిలు, బెల్టు చూసుకోండి. దానికి ఐదు నిమిషాలు చాలు. సెలవు.