కథాక్రీడలు - వాని కర్తలు

పాశ్చాత్యదేశములందు నొక వింతయాట కలదు. నలుగురైదుగురు బల్లచుట్టును గూర్చుండి, తలకొక పాత్రను వహించి, నోటిమాటతోడనే కథ నల్లుకొందురు. ఒకరు సూత్రధారులై “మీరిప్పుడు గుహవాకిట నున్నారు, ఏమి చేయుదురు?” అని యడుగుదురు. ఆటగాండ్రు తలపెట్టిన పని ఫలించినదో లేదో పాచికలు తేల్చును. మన బాలికలు బొమ్మలపెండ్లిలో “నీవు వియ్యపురాలవు, నేను పెండ్లికూతురి తల్లిని” అని యాడుకొనుట నెఱుగని సోదరీమణు లుందురా? దానికి నియమములు వ్రాసి యచ్చొత్తించిన నించుమించుగా నీయాటయే యగును.

1974లో అమెరికాయందు గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు దీనిని “డంజన్స్ అండ్ డ్రాగన్స్” అను పేర ప్రకటించిరి. తొలికూర్పు వేయి ప్రతులు మాత్రమే. తరువాత 1997లో విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీవారును, 1999లో ఆ కంపెనీనే కొనిన హాస్బ్రో యను బొమ్మల వర్తకులును దానికి స్వాము లైరి. నేడీ తరగతి యాట యనగానే జనులకు దానిపేరే తోచును. ఒకయాట నియమములు కష్టపడి నేర్చినవారు మఱియొకటి నేర్చుట కంతగా నిచ్చగింపరు. చిన్నకర్తల కిదియే పెద్దచిక్కు.

అట్లని పెద్దకంపెనీని జేరినవారికి స్వాతంత్ర్యము చిక్కెనా? 1981లో జీన్ వెల్స్ అను వనిత నాటి స్వాములైన టి.ఎస్.ఆర్. వారికొఱకు వ్రాసిన పుస్తక మచ్చయిన పిదప, వారు దానిని వెనుకకు దీసికొని మఱియొకరిచే తిరుగ వ్రాయించిరి.

2000 సంవత్సరమున కంపెనీవారు తమ మూలనియమములను బరు లుచితముగా వాడుకొన ననుమతిపత్ర మొసగిరి. దానిని నమ్మి పెక్కుమంది పుస్తకములు వ్రాసి జీవించిరి. 2023 జనవరిలో నూతనపత్రపు చిత్తుప్రతి బయటపడెను. పాతయనుమతి చెల్లదనియు, ఏటికి 7,50,000 డాలర్లకు మించిన రాబడిపై నూటికి 25 వంతువఱకు చెల్లింపవలెననియు నందుండెను. లాభముమీద గాదు, రాబడిమీద! అచ్చుకూలి, చిత్రకారుల వేతనము పోగా నేమి మిగులునో గృహిణుల కొకరు చెప్పవలెనా? ఆటగాండ్రు మిక్కిలి కోపించిరి. పోటీకంపెనీయైన పైజోవారి “పాత్‌ఫైండర్” పుస్తకములు, ఎనిమిదినెలలకని యుంచినవి, రెండువారములలో నమ్ముడుపోయెను. తుద కా నెల 27వ తేదిని విజార్డ్స్ వారు పట్టు విడిచి, మూలనియమములను సర్వజనుల కుపయోగపడునట్లు విడుదల చేసిరి.

పైజోవారిని చిన్నవా రనుట కుదరదు. నిజముగా చిన్నవారి సంగతి వేఱు. ఒక్కరో, భార్యాభర్తలో యింటనే వ్రాసి ప్రకటింతురు. పూర్వము మన గ్రంథకర్తలు ముందుగా చందాలు గూర్చి పుస్తకములు వేసినట్లే, వీరును కిక్‌స్టార్టర్ ద్వారమున ధనము కూర్చుకొందురు. మెగ్వే బేకర్, విన్సెంట్ బేకర్ దంపతులు 2010లో “అపోకలిప్స్ వరల్డ్” అను నాటను వెలువరించి, ఆ పద్ధతిపై నెవరైనను క్రొత్తయాట లల్లుకొనవచ్చు ననిరి. 2012లో ఏవరీ ఆల్డర్ అను కెనడాదేశపు రచయిత్రి యట్లే “మాన్‌స్టర్‌హార్ట్స్” రచించెను.

ఆమెదే 2013 నాటి “ది క్వైట్ ఇయర్” నాకు మిక్కిలి నచ్చినది. రాక్షసులను జంపి ధనము గొనిపోవుట యిందు లేదు. విపత్తు దాటిన యొక పల్లెకు చలికాలపు టాపద వచ్చులోపల నొకయేడు శాంతి లభించును. కాగితము, పెన్సిలు, పేకముక్కలు, పాచికలు, కొన్ని గులకరాళ్లు - ఇవియే సామగ్రి. ముక్కకొక వారము, ఆటీను వసంతము, డైమను వేసవి, కళావరు శరత్తు, ఇస్పేటు హేమంతము. ముక్క దీసినవారు పల్లెపటమున బావియో పొలమో గీయవలెను. సభ జరిపినచో తలకొక్కమాట చెప్పి యూరకుండవలెను, తీర్మాన ముండదు. తన్నడుగక పని జరిగినదని నొచ్చుకొన్నవా రొక గులకరాయి దీసి తమముందుంచుకొందురు. నోరెత్తరు, రాయి మాత్ర మందఱకు గనబడుచుండును. పదిమంది గల యింట కోడండ్రుగా మెలగినవారికి ఆ రాయి యర్థము విప్పి చెప్ప నక్కఱలేదు.

ఇద్దఱు మొదలు నలుగురువఱకు మూడునాలుగు గంటలలో నాడవచ్చును. ఇస్పేటురాజు వచ్చినతోడనే, త్రవ్వుచున్న బావి సగములో నున్నను సరే, ఆట ముగియును.